మూడో వీధి పోటు

డి బ్లాకు మూడో వీధికి కుళాయి ఒకటే. తెల్లారి ఆరింటికి వస్తుంది, ఇరవై నిమిషాలు ఉంటుంది, తర్వాత గాలి ఊదుతుంది. ఎంత తోసుకున్నా ఎవరికీ సగం బిందెకి మించి దొరకదు. ఆడవాళ్ళు ఆ సగం బిందెల్ని తెచ్చి పోతమ్మ అరుగు మీద వరసగా పెట్టి ఎవరి పనికి వాళ్ళు పోతారు. పోటు వేళకి బిందెల్లో నీళ్ళు మెడ దాకా లేస్తాయి. అప్పుడే వచ్చి ఎత్తుకుపోవాలి. జడ వేసుకుంటూనో టీవీ చూస్తూనో ఆలస్యం చేస్తే పాటు మొదలై నీళ్ళు మళ్ళీ సగానికి దిగిపోతాయి. అలా పోగొట్టుకున్నవాళ్ళు తమ బద్ధకాన్ని తిట్టుకుంటారు తప్ప పోతమ్మని ఏమీ అనరు. ఏ రోజు ఏ వేళకి పోటు వస్తుందో ఆవిడ తిథి చూసి ముందే చెబుతుంది. పున్నమికి తొమ్మిదింటికైతే మర్నాడు పావు తక్కువ పదికి. అలా రోజుకి ముప్పావుగంట చొప్పున జరుగుతుంది.

పోటంటే సముద్రం ఒడ్డు మీదికి రావడం, పాటంటే వెనక్కి పోవడం. సముద్రం ఇక్కడికి తొమ్మిది కిలోమీటర్లు. గాజువాక దాటాక పల్లపు పొలాలు చదును చేసి కట్టిన కాలనీ ఇది. బొగ్గు యార్డు కోసం గవ్వలపేటని ఖాళీ చేయించి ఊరు ఊరంతటినీ తెచ్చి ఇక్కడ దింపారు. దింపినవాళ్ళు మంచినీళ్ళిస్తామన్నారు, మగవాళ్ళకి ఉద్యోగాలిస్తామన్నారు, మిగతావాటికి నెమ్మదిగా అలవాటు పడతారన్నారు. ఉద్యోగమంటే అదే యార్డుకి కాపలా. సొంత ఊరికి కాపలా కాయడం, అదీ సొంతవాళ్ళు లోపలికి రాకుండా. పోతమ్మ ఆఖరి లారీలో వచ్చింది. ఆవిడతో పాటు పోటూ పాటూ కూడా వచ్చాయి. ఎందుకొచ్చాయని ఎవరూ అడగలేదు. ఊరి సామాన్లలో అదొక్కటైనా పగలకుండా వచ్చిందని సంతోషించారు. కాకపోతే ఆవిడ అరుగు దాటితే అది పని చెయ్యదు.

అదే లారీ వెనక పడవ కూడా వచ్చింది. అది పోతమ్మ మొగుడు తవిటయ్యది. ఆయన జ్వరంతో పోయి ఆరేళ్ళయింది. తర్వాత ఆవిడ తమ్ముడు దాలయ్య దాన్ని నడిపేవాడు, పడిన చేపల్ని పోతమ్మ గంపకెత్తి గాజువాకలో అమ్మేది. ఊరు ఖాళీ చేసేనాడు మిగతా పడవలన్నీ రంపాల కిందికి పోయాయి. పడవ కదిలితేనే నేను కదులుతానని పోతమ్మ ఇసకలో కూర్చుంది. ఆవిణ్ణి లేవదియ్యడం కంటే పడవని లేవదియ్యడమే సులువని తేల్చుకుని, క్రేనుతో ఎత్తి తెచ్చి మూడో వీధి నడిమధ్యన దించిపోయారు. అప్పట్నుంచీ స్కూటర్లు దాని పక్కనుంచి ఒద్దికగా పోతున్నాయి. పిల్లలు అందులో కూర్చుని హోంవర్కు చేసుకుంటారు.

రెండువేల అయిదు శ్రావణమాసంలో పడవల రిజిస్టరు చూసే ఆఫీసు నుంచి శ్రీరామ్మూర్తి అనే ఆయన వచ్చాడు. చెడ్డవాడు కాదు. గొడుగు, చంకలో రిజిస్టరు, మొహాన రూలు. పడవ చుట్టూ రెండుసార్లు తిరిగి, పోతమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, విషయం చెప్పాడు. పన్నెండు నెలల్లో ఒక్కసారైనా నీళ్ళ మీద తేలని పడవని రిజిస్టర్లోంచి కొట్టేస్తారు. కొట్టేస్తే లైసెన్సు ఉండదు, హార్బర్లో చోటు ఉండదు, ఆ ఇంటివాళ్ళు సముద్రం మీద బతికేవాళ్ళన్న మాట కూడా కాగితాల్లో ఉండదు. పడవ కట్టెల కిందికి వస్తుంది కాబట్టి, దారికి అడ్డమని మున్సిపాలిటీ వాళ్ళు ఎత్తుకుపోవచ్చు. దీపావళికి ఏడాది నిండుతుంది.

అయితే హార్బరుకి తీసుకెళ్ళి తేలుస్తామంది పోతమ్మ. దానికి పడవ పేరు పక్కన రేవు పేరు ఉండాలన్నాడాయన. ఉన్న రేవు గవ్వలపేట, అది ఇప్పుడు బొగ్గు యార్డు గోడ అవతల ఉంది. రేవు లేని పడవని హార్బర్లోకి రానివ్వరు.

"గోడ మీరే కట్టీసి, నీల్లల్లోకి ఎందుకు దిగలేదని మమ్మల్నే అడుగుతన్నారు," అంది పోతమ్మ.

"నేను కట్టలేదమ్మా. అందరూ సర్దుకున్నారు కదా. మీరూ మెల్లగా అలవాటు పడతారు."

ఆ మాట వింటే ఆవిడకి ఒళ్ళు మండుతుంది. ఏడాదిగా వింటోంది. కలెక్టరాఫీసు నుంచి వచ్చినవాళ్ళూ అదే అన్నారు, ఆస్పత్రి నర్సూ అదే అంది, ఆఖరికి నీలం యూనిఫాం తొడుక్కుని డ్యూటీకి పోతూ దాలయ్య కూడా అదే అన్నాడు. "ఇంక ఒగ్గీ అక్కా. కట్టెల కోసం కొట్టుకు సస్తన్నావు," అన్నాడు. వాడు తన మొహం చూడకుండా ఆ మాట అన్నాడని ఆవిడకి తెలుసు. అందుకే టిఫిను డబ్బా చేతికిచ్చింది.

ఇక ఆవిడ అల్లుడు నాగబాబు సంగతి. ఊరు పోయాక అతను గార్డు పనికి పోనని మొండికేసి గాజువాక మెయిన్ రోడ్డులో అక్వేరియం షాపు పెట్టాడు. చేపని చంపకుండా అమ్మే వ్యాపారమేమిటని అత్తగారు మొదట్లో ఎగతాళి చేసింది. తర్వాత గంప లేక చేతులు ఊరుకోక, రోజూ షేరాటో ఎక్కి వెళ్ళి షాపులో కూర్చోవడం మొదలుపెట్టింది. చేపలు బాగానే అమ్ముడుపోయేవి. ఆ ఏడు అందరూ గాజు తొట్టెల్లో ప్లాస్టిక్ మొక్కలు తీసేసి నిజం మొక్కలు అడగడం మొదలుపెట్టారు. అవి కలకత్తాలో దొరుకుతాయి. నాగబాబు ఉత్తరం రాసి మనియార్డరు పంపితే, మూడు రోజులు రైల్లో కుక్కిన థర్మోకోల్ పెట్టెలో, తడిపిన బెంగాలీ పేపర్లలో చుట్టుకుని వచ్చాయి.

మొదటి పెట్టె మొత్తం చచ్చింది. తప్పు నాగబాబుదే. సముద్రం పక్కన పుట్టినవాడికి మంచి నీరంటే సముద్రపు నీరే. దూరం నుంచి అలిసి వచ్చాయి కదా, కాస్త బలం పడుతుందని హార్బరు నుంచి రెండు డబ్బాలు ఉప్పునీళ్ళు తెచ్చి తొట్టెలో కలిపాడు. సాయంత్రానికల్లా ఆకులు ఉడికిన బచ్చలికూరలా అయిపోయాయి. రెండో పెట్టెకి బుద్ధి తెచ్చుకుని, పెట్టెలో వచ్చిన కాగితం చదివి అందులో ఉన్నట్టే చేశాడు. పటిక నీళ్ళలో ముంచి నత్తగుడ్లు కడిగాడు, కుళ్ళిన ఆకులు గిల్లాడు, కవరుతో సహా తొట్టెలో తేలేశాడు, లైటు తగ్గించాడు, మొక్క మొదలు కప్పకుండా వేర్లు మాత్రమే ఇసకలో పూడ్చాడు. అయినా వారం తిరక్కుండా ఆకులన్నీ గాజులా పలచబడి కరిగిపోయాయి. నాగబాబు తల పట్టుకుని, వాటిని పీకి కాలవలో పడేద్దామని బకెట్టు తెచ్చాడు.

పోతమ్మ అప్పుడు లేచింది. ఒక మొక్క మొదలుని వేళ్ళతో నొక్కి చూసి బకెట్టు లాక్కుంది. మొదలు గట్టిగా ఉంది. కరిగింది ఆకే. ఆ ఆకు అక్కడి నీళ్ళలో పుట్టింది, ఇక్కడ దానికి పని లేదు, అది పోతుంది. మొదలు బతికుంటే ఇక్కడి ఆకు ఇక్కడే వేస్తుంది. అయితే తను ఎక్కడుందో తెలియాలి కదా.

"కొత్త కోడలికి ఇల్లు సూపించకండా పొయ్యి ఊదమంతావేటి అల్లుడా?" అంది.

"కాయితంలో ఉన్నట్టే సేసినాను అత్తా. నీల్లకి అలవాటు పడాలని రాసారు."

"ఎవులు అలవాటు పడాల? మొక్క నీల్లకి అలవాటు పడ్డం కాదు. నీల్లే మొక్కకి అలవాటు పడాల."

మూడో పెట్టె వచ్చినప్పుడు ఆవిడ నాగబాబుని స్టూలు మీద కూర్చోబెట్టి పని తనే చేసింది. మొక్కల కవరుని తొట్టెలో తేలేసి, కొబ్బరి చిప్పతో తొట్టె నీళ్ళు కొంచెం కవర్లో పోసింది. కాసేపాగి చిప్పెడు వెనక్కి తీసింది. మళ్ళీ పోసింది, మళ్ళీ తీసింది. మధ్యాహ్నం దాకా అదే పని. తర్వాత ఒక్కో మొక్కనీ ఇసకలో నిలబెడుతూ దానికి ఆనవాళ్ళు చెప్పింది. సముద్రం మీద మగవాళ్ళకి దారీ గుర్తూ ఉండవు. ఒడ్డున రెండు కొండల్ని చూసుకుని, ఇది ఈ కొండకి ఎదురు, అది ఆ కొండకి పక్క అని తమ చోటు పోల్చుకుంటారు. తవిటయ్య ఆవిడకి నేర్పిన విద్య అదే.

"ఇటేపు యారాడ కొండ," అంది పోతమ్మ మొక్కతో, మోచేతి దాకా నీళ్ళలో చెయ్యి పెట్టి. "అటేపు సింహాద్రప్పన్న కొండ. నీకెదురుగా సముద్రం. గోడుంటాది, దాన్ని సూడకు. మజ్జిలో ఉన్నావు నువ్వు."

ఆ రోజు పోటు వేళకి తొట్టెలో నీళ్ళు రెండు వేళ్ళు లేచాయి, పాటుకి దిగాయి. వారానికి పాత ఆకులు కరిగాయి. పది రోజులకి మొదళ్ళలోంచి చిన్నగా, ముదురు పచ్చగా కొత్త ఆకులు వచ్చాయి. ఒక్కటి కూడా చావలేదు.

నాగబాబు వాటిని అమ్మేశాడు. అప్పుడు తెలిసింది, పోతమ్మ అరుగు దాటని పోటు ఈ మొక్కల వేళ్ళు పట్టుకుని ఎక్కడికైనా పోతోందని. సీతమ్మధారలో పళ్ళ డాక్టరు క్లినిక్కులో పున్నమినాడు తొట్టె పొర్లి సోఫా తడిసింది. ఆయన ఫోను చేసి, పై నుంచి ఎన్ని వేళ్ళు ఖాళీ వదలాలని అడిగాడు. నాలుగు వేళ్ళని నాగబాబు చెప్పాడు, ఆ ముక్క బిల్లు వెనక అచ్చు వేయించాడు. మధురవాడ నుంచి కుర్రాళ్ళు బైకుల మీద వచ్చి పోటు మొక్కలే కావాలని అడిగి మరీ పట్టుకెళ్ళేవారు. అందరూ అంత తెలివైనవాళ్ళు కాదు. ఆకు కరగ్గానే చచ్చిందనుకుని సగంమంది వాపసు తెచ్చేవారు. పోతమ్మ వాటిని ఒక్కటీ పారెయ్యనివ్వలేదు. మొదలు నొక్కి చూడ్డం, ఇంటికి తీసుకెళ్ళడం. భాద్రపదం అయ్యేసరికి ఆవిడ అరుగు మీద బిందెల పక్కన పది బకెట్ల నిండా మనుషులు పనికిరావన్న మొక్కలు చేరాయి.

ఆశ్వయుజంలో వాన పట్టుకుంది. అయిదు రోజులు విడవలేదు. పల్లపు పొలాల మీద కట్టిన కాలనీ కాబట్టి నీళ్ళు పోయే దారి లేక మూడో వీధిలో మోకాలి లోతు నిలిచాయి. వీధి చివర గెడ్డ ఉంది, అది తొమ్మిది కిలోమీటర్లు వంకర్లు తిరిగి సముద్రంలో కలుస్తుంది. గోడ కట్టినవాళ్ళు కూడా గెడ్డకి ఖాళీ వదలక తప్పలేదు. కానీ మామూలు రోజుల్లో అందులో నీళ్ళు చీలమండకి రావు, పడవకి ఎందుకూ పనికిరాదు. వీధిలో మోకాలి నీళ్ళకి పడవ అడుగు తడిసిందే తప్ప కదల్లేదు. దాలయ్య చూసి, చూడనట్టు డ్యూటీకి పోయాడు.

పోతమ్మ చీర గోచీ పోసి నీళ్ళలోకి దిగింది. పది బకెట్ల మొక్కల్నీ కవర్లలో పెట్టి పడవ చుట్టూ తేలేసింది. కొబ్బరి చిప్పతో పొయ్యడం, తియ్యడం. ఈసారి నాగబాబు స్టూలు మీద కూర్చోలేదు. అతనూ ఒక చిప్ప తీసుకుని వీధి రెండో వైపు నుంచి మొదలుపెట్టాడు. మురికి నీళ్ళలో కలకత్తా మొక్కలేం బతుకుతాయని ఒకరిద్దరు అన్నారు గాని, సాయంత్రానికి వాళ్ళూ వచ్చి చిప్పలు పట్టుకున్నారు. మర్నాడు సిమెంటు పగుళ్ళలో ఒక్కో మొక్కనీ నాటుతూ పోతమ్మ ప్రతిదానికీ కొండల పేర్లు చెప్పింది. రెండొందల పైచిలుకు మొక్కలు. గొంతు పోయింది.

గొంతు పోయిన మర్నాడే ఆవిడ నాగబాబు చేత ఆఫీసుకి ఫోను చేయించింది, అట్లతద్ది నాడు వచ్చి పడవ చూసుకోమని. శ్రీరామ్మూర్తి పదింటికి వస్తానన్నాడు.

అట్లతద్దికి వాన తెరిపిచ్చింది. తెల్లవారక ముందే లేచి తిని, ఉయ్యాలలూగి, ఆడపిల్లలు నీళ్ళ మధ్యే ఆడుకుంటున్నారు. మొక్కలు బకెట్లలో వేసుకున్న ఆకులన్నీ మళ్ళీ కరిగిపోయాయి. పదింటికి నీళ్ళు మోకాలు దాటలేదు. నాగబాబుకి కాలు నిలవలేదు. పక్క వీధి నుంచి మోటారు తెచ్చి నీళ్ళు కొట్టిద్దామన్నాడు. పోతమ్మ పొయ్యి దగ్గిర అట్లు వేస్తోంది.

"అత్తా, పదయిపోయింది. నీల్లు లేవు."

"ఈ రోజు తదియ. పోటు పదకొండుంపావుకి."

"ఆయన పదింటికి వత్తానన్నాడు కదా."

"ఆఫీసోడు పదంటే పదకొండు. పున్నానికే రమ్మంటే పోటు అయిపోనాక వచ్చీవోడు. అందుకే తదియకి రమ్మన్నాను. అట్టు తిను."

పదకొండూ అయిదుకి జీపు వీధి మొగలో ఆగింది. శ్రీరామ్మూర్తి పాంటు మడిచి, చెప్పులు చేత్తో పట్టుకుని, రిజిస్టరు నెత్తి మీద పెట్టుకుని నడిచి వచ్చాడు. సగం దూరం వచ్చేసరికి నీళ్ళు తొడల దాకా వచ్చాయి. ఆయన కంగారుపడలేదు, గడియారం చూసుకున్నాడు. పడవ దగ్గిరికి వచ్చేసరికి నడుం తడిసింది. రిజిస్టరు తడిస్తే ప్రమాదమని నాగబాబు చెయ్యందించి ఆయన్ని పడవలోకి ఎక్కించాడు. ఆయన సర్దుకుని కూర్చున్నాడు. అప్పుడు పడవ అడుగున సిమెంటు ఒకసారి గీరుకుని వదిలేసింది. పడవ ఆయనతో సహా మెల్లగా అటూ ఇటూ ఊగింది. వీధి వీధంతా అరుగుల మీద నిలబడి చూస్తోంది. పోతమ్మకి మాత్రం ఏడుపొచ్చింది. ఏడాదిగా అందరి ముందూ మింగుకున్న ఏడుపు, దాన్ని ఆవిడ దాచుకోలేదు.

శ్రీరామ్మూర్తి రెండు వైపులకీ వంగి చూశాడు. పడవ ఎక్కడా ఆనలేదు. పెన్ను తీసి 'తేలుచున్నది' అని రాశాడు. పక్క గడి దగ్గిర ఆగిపోయాడు.

"ఇక్కడ రేవు పేరు రాయాలమ్మా."

"మూడో ఈది అని రాయండి."

"ఇది కాలనీ కదా."

"పడవ తేలిన సోటు రేవు కాదా బాబూ?"

ఆయన పెన్ను మూత పెట్టి మళ్ళీ తీశాడు. రూలు పుస్తకంలో రేవంటే ఏమిటో రాసి ఉందా అని మనసులో వెతుక్కున్నట్టున్నాడు. అందులో ఏం దొరికిందో ఆయనకే తెలియాలి. గుండ్రంగా, ముత్యాల్లాంటి అక్షరాలతో 'డి బ్లాకు మూడో వీధి రేవు' అని రాసి, సంతకం పెట్టి, జేబులోంచి స్టాంపు తీసి గుద్దాడు.

ఆ సమయానికి దాలయ్య డ్యూటీ దిగి నీళ్ళలో నడిచి వస్తున్నాడు. పడవని చూసి ఆగాడు. నీలం చొక్కా బొత్తాలు ఒక్కొక్కటీ విప్పుకుని, దాన్ని ఉండ చుట్టి ఎవరిదో అరుగు మీద పెట్టి, పడవ అంచు పట్టుకుని పైకి ఎగబాకాడు. వాడి వెనకే వలతో ఒకడు, గెడతో ఒకడు ఎక్కారు. గెడ మీద చేతులు పడగానే ముగ్గురి భుజాలూ మారిపోయాయి. ఏడాది నుంచీ గేటు దగ్గిర వంగిపోయి నిలబడిన మనుషులు వీళ్ళేనా అనిపించింది.

పదకొండున్నర దాటాక పాటు మొదలైంది. వీధిలో నీళ్ళు గెడ్డ వైపు లాగాయి, పడవ ముక్కు అటు తిరిగింది, అరుగుకి కట్టిన తాడు బిగిసింది. శ్రీరామ్మూర్తి దిగుతానన్నాడు.

"పాటు లాగుతుంటే దిగకూడదు బాబూ. కూకోండి," అంది పోతమ్మ.

"అయితే నన్ను ఆఫీసు దగ్గిర దింపుతారా?"

"దారిలో లేదు."

ఆయన తల ఊపి, రిజిస్టరు ఒళ్ళో పెట్టుకుని గొడుగు విప్పుకున్నాడు. పోతమ్మ నడుం లోతు నీళ్ళలో నిలబడి తాడు ముడి విప్పింది. పడవ అరుగులకి తగలకుండా వీధి వెంట జారి, గెడ్డలోకి దిగి, గోడకి వదిలిన ఖాళీ వైపు పోయింది. సిమెంటు పగుళ్ళలో మొక్కల మొదళ్ళు మాత్రం కదలకుండా పట్టుకుని నిలబడ్డాయి. రెండోసారి పోటు వచ్చినప్పుడు, అర్ధరాత్రి కావస్తుండగా, పడవ అదే దారిన వెనక్కి వచ్చి ఇంటి ముందు ఆగింది. శ్రీరామ్మూర్తి ఒళ్ళంతా ఉప్పు, చేతిలో ఒక పాములచేప. ఆయన జీపు వైపు నడిచాడు.

మర్నాడు పొద్దున్నే పోతమ్మ గంప కడిగింది. షాపు నువ్వే చూసుకోమని అల్లుడికి చెప్పి, గాజువాక మార్కెట్లో తన పాత చోటులో కూర్చున్న పూలమ్మిని లేపి కూర్చుంది. చేపలు మెరుస్తున్నాయి. పది గంటల ప్రాంతంలో బొగ్గు యార్డు ఆఫీసరొకాయన సంచీ పట్టుకుని వచ్చాడు. ఒక చేప మొప్ప ఎత్తి చూసి, తాజాగానే ఉందే, ఇది ఏ రేవుదని అడిగాడు.

పోతమ్మ తల ఎత్తి ఆయన కళ్ళలోకి చూసింది.

"మా ఈదిదే," అంది. "గవ్వలపేటోల్ల మూడో ఈది."